కుందేలు వెనక భాగానికి మెత్తటి పెంటిక అంటుకుంటోందా? ముందు తిండి గిన్నె చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఏడాదిన్నర కుందేలు, వెనక బొచ్చుకు నల్లగా మెత్తటి మలం అంటుకుని కంపు కొడుతోంది, వారానికోసారి స్నానం చేయిస్తున్నా రెండు రోజులకే మళ్లీ అదే తంతు. ఇవి విరేచనాలేనా, ఎవరో చెప్పినట్టు పెరుగన్నం పెడితే తగ్గుతుందా అని అడిగారు. పెరుగన్నం వద్దండి. స్నానం అసలే వద్దు. ఇక విరేచనాలా కాదా అన్నది ఇంట్లోనే ఐదు నిమిషాల్లో చాలావరకు తెలిసిపోతుంది.

నేను డాక్టర్ని కాదు. విజయవాడలో అపార్ట్‌మెంట్లో ఆరేళ్లుగా ఒక కుందేలును పెంచుతున్న మనిషిని, అంతే. దాని పేరు బూరె. పేరు పెట్టినప్పుడు సన్నగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి నిజంగానే బూరెలా ఉబ్బింది, మా చేతి చలవే. మీరు రాసిన బాధంతా మేమూ పడ్డాం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అది పెంటికలు వేసే ట్రే చూడండి. గుండ్రంగా, గట్టిగా, శనగగింజ సైజులో పెంటికలు కనిపిస్తున్నాయా? ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపితే ఎండుగడ్డి పొడిలా రాలుతోందా? అవి మామూలుగానే పడుతూ, వాటితోపాటు మెత్తటిది కూడా అంటుకుంటుంటే అవి విరేచనాలు కావు. గట్టి పెంటికలు పూర్తిగా ఆగిపోయి, నీళ్లలా పోతుంటే మాత్రం ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. మూడు నెలల లోపు పిల్లలైతే మరీను. వాటికి కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల పేగు జబ్బు వస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

ఆ మెత్తటిది ఏమిటంటే, కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి మనం ఊడ్చి పారేసే గట్టివి. రెండోది చిన్న ద్రాక్షగుత్తిలా ఒకదానికొకటి అతుక్కుని, పైన నిగనిగలాడే పొరతో ఉంటుంది. కడుపులో అంధనాళం అనే పెద్ద సంచి ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి తయారుచేసే సరుకు అది. అందులో మాంసకృత్తులు, బి విటమిన్లు ఉంటాయి. కుందేలు దాన్ని నేల మీద పడనివ్వదు, వంగి నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. డాక్టర్లు సీకోట్రోప్స్ అంటారు, మా ఇంట్లో మెత్త పెంటికలు అంటాం.

దీని మీద మా ఇంట్లో పెద్ద కథే నడిచింది. మా అత్తగారిది కర్నూలు వైపు, ఆవిడకు ఇది కుందేలు కాదు, చెవులపిల్లి. తెల్లవారుజామున పాలు కాయడానికి లేచినప్పుడు అది తల కాళ్ల మధ్యకు దూర్చి, ఏదో నాకుతున్నట్టు గుటుక్కున మింగడం చూశారు. "ఛీ ఛీ, చెవులపిల్లి పెంట తింటోందే!" అని చీపురు పుల్లతో అదిలించారు. అప్పటినుంచి కొన్ని వారాలపాటు మేమంతా దాన్ని ఆ పని చేయకుండా కాపలా కాశాం! దానికి రావలసిన పోషణలో కొంత మేమే ఆపేస్తున్నామన్న సంగతి తర్వాతగానీ తెలియలేదు. మీరు అలాంటి కాపలా ఏదైనా కాస్తుంటే ఇవాళే మానేయండి.

మరి తినాల్సింది తినకుండా బొచ్చుకు ఎందుకు అంటించుకుంటుంది? చాలా ఇళ్లలో కారణం ఒకటే, తిండి మరీ ఘనంగా ఉండటం. పిండి, చక్కెర, మాంసకృత్తులు ఎక్కువై పీచు తక్కువైతే ఆ గుత్తి గుత్తిలా కాకుండా పేస్టులా తయారవుతుంది. పైగా కడుపు నిండా పెల్లెట్లు, అంటే కొట్లో దొరికే గుళికల దాణా, ఉన్న జీవికి దాన్ని తినాలనే అనిపించదు. రెండో కారణం ఒళ్లు. లావెక్కితే మూతి అక్కడిదాకా అందదు. ముసలి కుందేలుకు కీళ్ల నొప్పులున్నా, పళ్ల నొప్పి ఉన్నా ఇదే జరుగుతుంది. మీది ఏడాదిన్నరదే కాబట్టి నా అనుమానం తిండి మీదే.

మా బూరె మెనూ చెబితే నవ్వుతారు. పొద్దున్న క్యారెట్, మధ్యాహ్నం గిన్నె నిండా పెల్లెట్లు, సాయంత్రం మా టీతోపాటు దానికి ఒక బిస్కెట్, రాత్రి అరటిపండు ముక్క. గడ్డి అనేదే లేదు. అమ్మినతను "ఏది పెట్టినా తింటుందండీ" అన్నాడు, నిజమే, ఏది పెట్టినా తింది. క్యారెట్ తగ్గించమని డాక్టర్ చెప్పినప్పుడు నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించాను, పిల్లల పుస్తకాలన్నిటిలో కుందేలు చేతిలో క్యారెట్టే కదా మరి! ఆవిడ విసుక్కోకుండా, దుంపలో చక్కెర ఎక్కువ, ఆకులు పెట్టండి, దుంప వారానికి రెండు చిన్న చక్రాలు చాలన్నారు. అప్పటికి బూరె 3.4 కిలోలు. ఉండాల్సింది 2.7 దగ్గర.

అసలు తిండి గడ్డి. తినేదాంట్లో ఎనభై శాతానికి పైగా ఎండుగడ్డో పచ్చిగడ్డో ఉండాలి, అదీ రోజంతా, ఎప్పుడు మూతి పెట్టినా దొరికేలా. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లైతే వారానికి రెండు మిల్లీమీటర్ల దాకా. ఆ పెరుగుదలను అరగదీసేది గడ్డి నమలడమే. పేగులను కదిలించేదీ ఆ పీచే.

ఇక్కడే మనవాళ్లకు చిక్కు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా తిమోతీ గడ్డి అంటారు. అది బయటి దేశాల నుంచి వస్తుంది, కిలో వందల్లో ఉంటుంది. కొనగలిగితే మంచిదే. నేను నెలకు కొంత తిమోతీ కొని, మిగతాది గరికతో నెట్టుకొస్తున్నాను. అవును, వినాయకుడికి పెట్టే గరికే. మా మావయ్యగారు కృష్ణకు అవతల పొలం గట్ల మీద, మందు కొట్టని చోట చూసి కోయించి పంపుతారు. కడిగి, నీడలో పల్చగా పరిచి, మధ్యమధ్య తిరగేస్తూ ఆరబెడతాను. పూర్తిగా ఆరాక పాత దిండు గలీబులో వేసి గాలి ఆడేచోట వేలాడదీస్తాను. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే తేమకు బూజు పడుతుంది, బూజు వాసన వచ్చిన గడ్డి మొత్తం పారేయాల్సిందే, ఏరి పెట్టడాలు వద్దు. గినీ గడ్డి, నేపియర్ కూడా కొంత వాడతాను. వరిగడ్డిలో బలం లేదు, ట్రే అడుగున పరుపుగా వేయడానికి బాగుంటుంది. లూసర్న్ అనే పశుగ్రాసం ఆరు నెలల లోపు పిల్లలకు మంచిదే, పెద్దవాటికి మాత్రం కాల్షియం, మాంసకృత్తులు మోతాదు మించిపోతాయి.

చవితి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పూజయ్యాక మిగిలిన పత్రి మొత్తం కుందేలు ముందు పడేయకండి. అందులో గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఉంటాయి, మూడూ విషమే. గరిక మాత్రం ఏరి పెట్టుకోండి.

పెల్లెట్లు రోజుకు కిలో బరువుకు 25 గ్రాములు మించకూడదు. మాకు డాక్టర్ అందులో సగం చేశారు. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు, రంగురంగుల ముక్కలు కలిపిన మిక్స్ మీరు వాడుతుంటే పూర్తిగా మానేయండి. మన పిల్లలు మిక్చర్‌లో పల్లీలు ఏరుకున్నట్టు అది తీపివే ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. ఆకుకూరలు రోజూ ఒక పిడికెడు, మార్చి మార్చి పెట్టండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, మెంతికూర మా దగ్గర నడుస్తాయి. పాలకూర, తోటకూర అప్పుడప్పుడే. క్యాబేజీ కొన్నిటికి గ్యాస్ చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, అన్నం, బ్రెడ్డు, పాలు, పెరుగు వద్దు. పెరుగు మన కడుపుకి చలవేగానీ, దూడలా పాలకు అలవాటుపడిన పొట్ట కాదది.

అయితే ఇవాళ చదివి రేపు పొద్దున్నే అన్నీ మార్చేయకండి, ఆ సూక్ష్మజీవులు తట్టుకోలేవు. పది రోజుల నుంచి రెండు వారాల్లో కొంచెం కొంచెంగా పెల్లెట్లు తగ్గిస్తూ గడ్డి పెంచండి. మొదట్లో బూరె గడ్డి వంక చూడనైనా చూడలేదు, ఖాళీ గిన్నెను పళ్లతో పట్టి నేలకేసి కొట్టేది. టిష్యూ రోల్ అట్టగొట్టాల్లో గడ్డి కుక్కి, మధ్యలో రెండు పుదీనా ఆకులు దాచిపెడితే వాటి కోసం లాగుతూ లాగుతూ అలవాటుపడింది. గడ్డిని ట్రే పక్కనే పెట్టండి, కుందేళ్లకు పెంటికలు వేస్తూ గడ్డి నమలడం మహా ఇష్టం.

ఇక శుభ్రం సంగతి. పూర్తి స్నానం వల్ల భయానికి షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది, అడుగు బొచ్చు తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. మేమూ ఒకసారి బేబీ షాంపూతో కుళాయి కింద పెట్టాం. కాళ్లు వేలాడేసి బట్టబొమ్మలా అయిపోతే "ఎంత బుద్ధిగా చేయించుకుంటోందో" అని మురిసిపోయాం. అది బుద్ధి కాదు, భయంతో కొయ్యబారిపోవడం.

ఇప్పుడు చేసేది ఇదీ. వెడల్పాటి బేసిన్‌లో రెండు అంగుళాల గోరువెచ్చని నీళ్లు, అడుగున జారకుండా పాత టవల్. ఒకరు ఛాతీ కింద చెయ్యి వేసి ముందు కాళ్లు బయటే ఉండేలా పట్టుకోవాలి, వెనక భాగం మాత్రమే నీళ్లలో. ఎండిపోయిన ఉండను లాగకూడదు. కుందేలు చర్మం పల్చటి కాగితంలా ఉంటుంది, బొచ్చుతోపాటు చిరిగి వస్తుంది. రెండు మూడు నిమిషాలు నాననిస్తే వేళ్ల మధ్య దానంతటదే కరుగుతుంది. సబ్బు వద్దు. తర్వాత టవల్‌తో అద్ది అద్ది పూర్తిగా ఆరబెట్టాలి. కొంచెమే అంటుకుంటే నీళ్లు కూడా వద్దు, కార్న్‌ఫ్లోర్ చల్లి నెమ్మదిగా దువ్వితే రాలిపోతుంది. టాల్కం పౌడర్ వాడొద్దు, పీల్చుకుంటుంది. ట్రేలో పట్టిన తెల్లటి మూత్రం మరకలకు తెల్ల వెనిగర్ చాలు, ఫినాయిల్ జోలికి పోకండి.

కడగడం కన్నా ముఖ్యం, రోజూ ఒకసారి వెనక భాగం చూడటం. వానాకాలంలో రెండుసార్లు. ఆ వాసనకు ఈగలు వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు పుట్టి చర్మాన్ని తినేస్తాయి. ఒక్క పురుగు కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. కుక్కలకు పేలు, గోమార్లు పోవడానికి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే ఇంట్లో ఉంటే దీనికి కొట్టొద్దు, కుందేళ్లకు అది విషంతో సమానం.

చివరగా మేం అన్నిటికన్నా భయపడిన రాత్రి గురించి చెప్పాలి. రెండో ఏడాది మే నెల, కరెంటు పోయి సాయంత్రమంతా ఇల్లు కాగిపోయింది. రాత్రికి బూరె మూలన ముడుచుకుని పళ్లు పటపట కొరుకుతోంది. కొత్తిమీర మూతి దగ్గర పెట్టినా పట్టించుకోలేదు. ట్రే ఊడ్చినప్పటిలాగే ఖాళీగా ఉంది. మామూలుగా రోజుకు రెండు మూడు వందల పెంటికలు వేసే జీవి! పక్క వీధి డాక్టర్ ఎక్కువగా కుక్కల్ని చూసేవారు, నోటి ద్వారా యాంటీబయాటిక్ సిరప్ రాశారు. ఒక మోతాదు పట్టించాం. పొద్దున్న మా రెండో డాక్టర్ ఆ సీసా చూడగానే తీసి పక్కన పెట్టేశారు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులు నోటి ద్వారా పడితే కుందేలు కడుపులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణమే పోవచ్చట. పొట్ట పట్టి చూసి అడ్డు ఏమీ లేదని తేల్చుకున్నాక చర్మం కింద సెలైన్, నొప్పికి మందు ఇచ్చారు. నానబెట్టిన పెల్లెట్ల గుజ్జును సిరంజితో రెండు మూడు గంటలకోసారి పట్టించమన్నారు. రెండో రోజు రాత్రి ట్రేలో నాలుగు చిన్న పెంటికలు కనిపిస్తే మా అత్తగారు లేచి అందర్నీ నిద్రలేపారు.

కాబట్టి పన్నెండు గంటలు తినక, పెంటిక వేయకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. కుందేళ్లను చూసే డాక్టర్ ఎక్కడున్నారో బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో ఆసుపత్రులున్నాయి, దగ్గరుంటే ముందు అక్కడ అడగండి. ఎండాకాలం చుక్కల సీసా కాకుండా బరువైన మట్టి గిన్నెలో నీళ్లు పెట్టండి, గిన్నెలో అయితే ఎక్కువ తాగుతుంది. గడ్డకట్టించిన నీళ్ల బాటిల్‌కు గుడ్డ చుట్టి పక్కన పెడితే ఆనుకుని పడుకుంటుంది.

బూరె 2.7కి రావడానికి ఐదు నెలలు పట్టింది. వెనక బొచ్చు శుభ్రపడటం మాత్రం మూడో వారంలోనే మొదలైంది. మీరు ఇప్పుడు పెడుతున్నవన్నీ, బరువుతో సహా, కింద రాయండి. ఏ ఊరో కూడా చెబితే గడ్డి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.