ఆ ఒక్క నిమిషంలో కోచ్ ఏం చేస్తారో చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. ఆరేళ్లుగా అమెచ్యూర్ బాక్సింగ్ చేస్తోంది. ఇప్పుడు ప్రొఫెషనల్‌గా మారతానంటోంది. ఇద్దరు కోచ్‌లు తీసుకుంటామన్నారు. ఒకాయన దగ్గర పేరున్న బాక్సర్లు చాలామంది ఉన్నారు, కానీ ఆయన ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉంటారు. రెండో ఆయనకు అంత పేరు లేదు, నలుగురైదుగురికే శిక్షణ ఇస్తారు. అమ్మాయి మొదటాయన వైపే మొగ్గుతోంది. నాకు బాక్సింగ్ తెలియదు, భయం మాత్రం ఉంది. ఎవరిని ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, ఆ భయాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను. ఈ ఎంపికలో అది మీకు పనికొస్తుంది. పేరు సంగతి కాసేపు వదిలేయండి. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య ఉండే ఒక్క నిమిషంలో మీ అమ్మాయి ఎదురుగా వంగి మాట్లాడే మనిషి ఎవరు, ఆ నిమిషాన్ని ఎలా వాడతారు? నేనైతే ముందు ఇదే చూస్తాను.

మహిళల ప్రొఫెషనల్ బౌట్లలో, అంటే పోటీల్లో, రౌండ్ సాధారణంగా రెండు నిమిషాలు. కొత్తవాళ్లకు ఎక్కువగా నాలుగు రౌండ్ల బౌట్లే ఇస్తారు. నాలుగు రౌండ్ల మధ్య విరామాలు మూడు. నెలల తరబడి నేర్పినదాన్ని సరిదిద్దడానికి కోచ్‌కి దొరికేది మొత్తం మూడు నిమిషాలన్నమాట. స్టూల్ వేయడం, మౌత్‌గార్డ్ తీయడం, నీళ్లు తాగించడం కూడా అందులోనే.

ఒకసారి ఓ చిన్న పోటీలో రింగ్ పక్కనే కూర్చుని రెండు కార్నర్లనూ, అంటే విరామంలో బాక్సర్ కూర్చునే మూలనూ అక్కడ చూసుకునే మనుషులనూ, గమనించాను. ఒక వైపు ముగ్గురు మనుషులు ఒకేసారి అరుస్తున్నారు: చెయ్యెత్తు, ముందుకెళ్లు, కొట్టు. ఆ కుర్రాడు ఎవరి మొహం చూడాలో తెలియక రింగ్ అవతలికి చూస్తున్నాడు. రెండో వైపు కోచ్ ముందు ఏమీ మాట్లాడలేదు. కుర్రాడి నడుం పట్టీని కాస్త ముందుకు లాగి వదులు చేసి, ఊపిరి కుదుటపడేదాకా ఆగారు. మొహం తుడిచి, నీళ్లు తాగించి, అప్పుడు ఒక్క మాట చెప్పారు: "జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) వేశాక ఎడమ చెయ్యి కిందికి జారుతోంది. నేరుగా చెంప దగ్గరికి తెచ్చుకో." ఏం చెప్పానో తిరిగి చెప్పమన్నారు. కుర్రాడు చెప్పాడు. బెల్ మోగింది. మీకు బాక్సింగ్ తెలియకపోయినా ఈ తేడా తెలుస్తుంది. అందుకే ఇద్దరు కోచ్‌ల బౌట్లకూ మీరే వెళ్లండి. ముఖ్యంగా వాళ్ల బాక్సర్ ఓడిపోతున్న బౌట్ చూడండి. గెలుస్తున్నప్పుడు ఏ కార్నరైనా బాగానే కనిపిస్తుంది.

గట్టిగా మాట్లాడటం తప్పని కాదు. 1981లో థామస్ హెర్న్స్‌తో తలపడిన షుగర్ రే లియొనార్డ్ పాయింట్లలో వెనకబడ్డాడు. 13వ రౌండ్‌కు ముందు కోచ్ ఏంజెలో డండీ "చేజార్చుకుంటున్నావు రా" అని మొహం మీదే అనేశాడు. లియొనార్డ్ 14వ రౌండ్‌లో బౌట్ ముగించాడు. తన బాక్సర్‌కి ఏ మాట ఎక్కుతుందో తెలిసిన మనిషే అలా అనగలడు. ఆ ఎరుక రోజూ జిమ్‌లో పక్కన ఉంటేనే వస్తుంది. కాబట్టి మొదటాయనను సూటిగా అడగండి: రోజూ శిక్షణ ఇచ్చేది మీరా, మీ అసిస్టెంటా? బౌట్ రోజు కార్నర్‌లో ఉండేది ఎవరు? అదే రోజు మీ పెద్ద బాక్సర్‌కి వేరేచోట బౌట్ ఉంటే ఎక్కడికి వెళ్తారు?

పేరున్న బాక్సర్ వెనక ఉన్నంత మాత్రాన కార్నర్ సిద్ధంగా ఉందని అనుకోలేం. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడిన రోజు మైక్ టైసన్ కన్ను వాచిపోయింది. వాపు అణచడానికి చల్లబరిచి ఒత్తే లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. ప్రపంచ ఛాంపియన్ కార్నర్‌లో అది లేదు. రబ్బరు గ్లవ్‌లో చల్లటి నీళ్లు నింపి ఒత్తారు. అందుకే కోచ్‌ని ఆయన సంచి తెరిచి చూపించమనండి, మొహమాటపడొద్దు. కోతలు, వాపులు చూసే కట్‌మ్యాన్ ఎవరో, చేతులకు పట్టీ ఎవరు కడతారో కూడా కనుక్కోండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. 1975 అక్టోబర్ 1న మనీలాలో ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ 14 రౌండ్లు కొట్టుకున్నారు. ఇంకొక్క రౌండ్ మిగిలింది. ఫ్రేజియర్ ఎడమ కన్ను అప్పటికే సరిగా కనిపించేది కాదు, ఇప్పుడు కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎదుటివాడి కుడిచేతి దెబ్బలు వస్తున్నది కనిపించడం లేదు. తాను కొనసాగుతానని ఫ్రేజియర్ పట్టుబట్టాడు. కోచ్ ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు, బౌట్ ఆపేయించాడు. ప్రపంచ టైటిల్ బౌట్ అయినా ఆపాడు. నేను కోచ్‌లో వెతికేది ఆ గుండె.

అందుకని ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "మీరు చివరిసారి బౌట్ ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు?" ఆపిన మనిషికి ఆ రోజు గుర్తుంటుంది, బాక్సర్ మొహంతో సహా చెబుతారు. "నా బాక్సర్లు అంతదాకా రానివ్వరు" అన్నారంటే నాకు నమ్మకం కుదరదు.

స్పారింగ్ (జిమ్‌లో బాక్సర్లు ఒకరితో ఒకరు చేసే సాధన పోరు) రోజున జిమ్‌కి వెళ్లి ఒక మూల కూర్చోండి. కొత్తవాళ్లను బరువైన, అనుభవమున్న వాళ్ల మీదికి తోసేస్తున్నారా? ఎవరైనా తల పట్టుకుంటే ఆపుతున్నారా, ఇంకో రౌండ్ అంటున్నారా? మెదడు దెబ్బతినేది బౌట్లలోనే కాదు, రోజువారీ స్పారింగ్‌లో పడే దెబ్బలూ లెక్కలోకి వస్తాయి. బరువు తగ్గడానికి చివరి రెండు రోజులు నీళ్లు మాన్పించే పద్ధతి ఉంటే, ఆ జిమ్ వద్దు.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. కోచ్‌కి బౌట్ సొమ్ములో పది శాతం ఇవ్వడం వాడుక. మేనేజర్ వాటా వేరు, మూడో వంతు దాకా పోవచ్చు. కోచే మేనేజర్‌గా కూడా ఉంటానంటే జాగ్రత్త. అమ్మాయి ఎంత ఎక్కువగా రింగ్ ఎక్కితే అంత ఆదాయం వచ్చే మనిషికి "ఈసారి వద్దు" అనడం కష్టం. ఏదైనా కాగితం మీద ఉండాలి, లాయరు చదివాకే సంతకం పెట్టాలి.

మీరు రాసినదాన్నిబట్టి నా మొగ్గు రెండో ఆయన వైపు. అయితే పైన చెప్పినవన్నీ చూశాకే. అమ్మాయిని ఇద్దరి దగ్గరా చెరో నెల శిక్షణ తీసుకోమనండి. ఆపే ప్రశ్న మీరు కాదు, తనే అడగాలి, మీరు పక్కన కూర్చోండి. "ఆయన చాలు అంటే నువ్వు ఒప్పుకుంటావా?" అని తర్వాత ఇంట్లో అడగండి. తన జవాబు ఎవరి పేరు దగ్గర తడబడకుండా వచ్చిందో నాకు రాయండి. ఒప్పందం కాగితం వచ్చాక దాని గురించి కూడా మాట్లాడుకుందాం.