అనంతపురంలో నాటకాల సార్ దగ్గరకు మా అమ్మాయిని పంపవచ్చా?

మీ ప్రశ్న ఇది: "అనంతపురంలో ఒక నాటక రచయిత వేసవిలో పిల్లలకు నాటకం నేర్పుతారట. ఈ మధ్య ఆయన ఏం రాశారు, ఏం సాధించారు? ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని పంపవచ్చా?"

నేను ఆయన దగ్గర రెండు వేసవులు నేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రదర్శన ఉందంటే ఆఫీసుకు సెలవు పెట్టి తెర లాగడానికి వెళతాను. కాబట్టి నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది. పేరు మాత్రం రాయను, ఆయనకు నచ్చదు.

నటన నేర్పుతారని పంపితే మొదటి వారం మీ అమ్మాయి ఉసూరుమంటుంది. నన్ను మొదటిరోజే టవర్ క్లాక్ దగ్గరకు పంపి, ఉడికించిన శనక్కాయలు అమ్మే ఆమె బేరం ఎలా ఆడుతుందో విని రమ్మన్నారు. "పది రూపాయలకు తక్కువ ఇవ్వనంది సార్" అన్నాను. "అది నీ మాట. ఆమె మాట ఏది?" అని మళ్లీ పంపారు. మూడోసారి కనిపెట్టాను: ఆమె అసలు ఇవ్వనని అనదు. డబ్బా నింపి, పైన నాలుగు కాయలు కొసరు వేసి, ముఖం అటు తిప్పుకుంటుంది. అంతే, బేరం ముగిసినట్టే. ఆ కొసరు తర్వాత ఆయన నాటికలో వడ్డీ వ్యాపారి చేతికి వచ్చింది.

ఈ ఏడాది రాసింది పాతతరం రంగస్థల నటుడు బళ్లారి రాఘవ మీద గంటసేపటి నాటిక. రాఘవ 1880లో మన తాడిపత్రిలోనే పుట్టారు, వృత్తి బళ్లారిలో వకీలు. 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు స్వయానా మేనమామ. ఏప్రిల్ 16న తాడిపత్రిలో వేశాం. ఆ రోజు కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1946లో రాఘవ పోయింది కూడా ఆ తేదీనే. రాఘవ వేషం పదో తరగతి అమ్మాయి వేసింది. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టిన మనిషి పాత్ర ఆడపిల్లకు ఇవ్వడమేమిటని ఒక పెద్దాయన అడిగారు. "మావాళ్లలో ఆ అమ్మాయే బాగా చేస్తుంది" అని సార్ మేకప్పు గదిలోకి వెళ్లిపోయారు.

ఇక బహుమతులంటారా, షీల్డులు చాలానే ఉన్నాయి. ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఒక నాటక పరిషత్తు పోటీలో న్యాయనిర్ణేత సీమ యాస అర్థం కాలేదని మార్కులు కోశారు. ఒక్క అక్షరం మార్చకుండా అదే ప్రతిని మరో ఊరికి తీసుకువెళితే ఉత్తమ రచన బహుమతి వచ్చింది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఆరింటికి రిహార్సలంటే ఆయన ఏడింటికి వస్తారు. తొమ్మిది దాటినా వదలరు, కాబట్టి అమ్మాయిని తీసుకురావడానికి ఎవరో ఒకరు వెళ్లాలి. కోపం జాస్తి. ప్రాంప్టింగు ఉండదు. మాట మరిచిపోతే ఆ పాత్రలో ఉండే గట్టెక్కాలి. ఫీజు తీసుకోరు, ప్రతుల జిరాక్సు ఖర్చు మనదే.

ఇంకొకటి. ఇంట్లో మీరు మాట్లాడుకునేవి నోటు పుస్తకంలోకి ఎక్కుతాయి. మా అమ్మతో పోట్లాటలో మా నాన్న అన్న మాట ఒకటి అలాగే నాటికలోకి వెళ్లింది. నాన్న ముందు వరుసలో కూర్చుని విన్నారు. హాలంతా నవ్వింది. ఇంటికొచ్చాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.