నాలుగు లోడ్ బ్యాలెన్సర్లు... ఏది ఎప్పుడు?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. క్లౌడ్ ఇంజినీర్ కావాలని కోరిక. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో లోడ్ బ్యాలెన్సర్, అప్లికేషన్ గేట్‌వే, ఫ్రంట్ డోర్, ట్రాఫిక్ మేనేజర్... అన్నీ ఒకే పని, అంటే వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచడం, చేస్తున్నట్టు అనిపిస్తున్నాయి. ఏది ఎప్పుడు వాడాలని అడిగితే టెన్షన్‌తో తడబడుతున్నాను. ఎలా నేర్చుకోవాలి?

జవాబు: ముందుగా రెండు విషయాలు తేల్చుకోండి. వచ్చేది వెబ్ ట్రాఫిక్కేనా? అప్లికేషన్ ఒకే రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ఒక ప్రాంతంలో) ఉందా, చాలా రీజియన్లలో ఉందా? వెబ్ అయితే యూఆర్‌ఎల్ చూసి, చెల్లింపుల రిక్వెస్టులను ఒకవైపు, ఫొటోలవి మరోవైపు పంపగల లేయర్ 7 (అప్లికేషన్ స్థాయి) సర్వీసు కావాలి. ఒకే రీజియన్‌కు సాధారణంగా అప్లికేషన్ గేట్‌వే, ఎక్కువ రీజియన్లుంటే ఫ్రంట్ డోర్. వెబ్ కాని మామూలు టీసీపీ, యూడీపీ ట్రాఫిక్‌కు లేయర్ 4లో, అంటే ఐపీ చిరునామా, పోర్టు చూసి పనిచేసే లోడ్ బ్యాలెన్సర్ చాలు.

చాలామంది బోల్తా పడేది ట్రాఫిక్ మేనేజర్ దగ్గర. అసలు ట్రాఫిక్ దాని గుండా వెళ్లదు! ఎక్కడికి వెళ్లాలో డీఎన్ఎస్ (సైట్ పేరుకు చిరునామా చెప్పే వ్యవస్థ) ద్వారా చెప్పి అది తప్పుకుంటుంది. ఆ తర్వాత బ్రౌజర్ నేరుగా ఆ చిరునామాకే వెళ్తుంది. ఇందులో చిక్కేమిటంటే, ఒక రీజియన్ పడిపోయినా పాత చిరునామా టీటీఎల్ (దాన్ని ఎంతసేపు దాచుకోవాలో చెప్పే గడువు) ముగిసేదాకా కాష్‌లోనే ఉంటుంది. టీటీఎల్ 300 సెకన్లు పెడితే, కొందరు యూజర్లు దాదాపు 5 నిమిషాలు ఆ పడిపోయిన చోటికే వెళ్తుంటారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటి వివరంగా చెప్పగలిగితే మీకు విషయం తెలుసని అవతలివారికి అర్థమైపోతుంది.

అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు వెళ్లినా లెక్క ఇదే: డీఎన్ఎస్‌కు రూట్ 53, లేయర్ 7కు ఏఎల్‌బీ (అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్), లేయర్ 4కు ఎన్‌ఎల్‌బీ (నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్).

చదవడంతో ఆపకండి. ల్యాప్‌టాప్‌లోనే డాకర్ (అప్లికేషన్లను విడివిడి కంటెయినర్లలో నడిపే సాధనం) తో రెండు చిన్న వెబ్ సర్వర్లు నడిపి, వాటి ముందు హెచ్‌ఏప్రాక్సీ అనే ఉచిత లోడ్ బ్యాలెన్సర్ పెట్టండి. పైసా ఖర్చుండదు. పేజీని రిఫ్రెష్ చేస్తూ ఒక సర్వర్‌ను ఆపేయండి. హెల్త్ చెక్ (సర్వర్ పనిచేస్తోందా అని పదేపదే చూసే పరీక్ష) లేకుండా ఒకసారి, పెట్టి మరోసారి చూడండి. మొదటిసారి కొన్ని రిక్వెస్టులు ఆలస్యమవుతాయి, లేదా 503 (సర్వీసు అందుబాటులో లేదనే ఎర్రర్) వస్తుంది. లాగిన్ వివరాలను సర్వర్ మెమరీలోనే ఉంచి చూడండి. రిక్వెస్టు రెండో సర్వర్‌కు వెళ్లగానే మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఒక యూజర్‌ను ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపే స్టిక్కీ సెషన్లు ఎందుకు వచ్చాయో, సెషన్‌ను రెడిస్ లాంటి ఉమ్మడి డేటా స్టోర్‌లో ఎందుకు పెడతారో అప్పుడు తేలిగ్గా బోధపడుతుంది.

అజూర్ నెట్‌వర్కింగ్ పరీక్ష ఏజెడ్-700 సర్టిఫికేషన్ సంగతి దీని తర్వాతే చూడండి. రెజ్యూమెలో సర్వీసుల పేర్లు వరసగా రాసే బదులు ఈ ప్రయోగం గురించి రాయండి: ఏం ఆపారు, ఏం జరిగింది, ఎలా సరిచేశారు.