గాలి మిషన్లు చెక్ చేసే ఉద్యోగమని నలుగురికీ ఎలా చెప్పుకోవాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి ఈఈఈ చివరి సెమిస్టర్‌లో ఉంది. ఇంటర్న్‌షిప్ చేసిన బెంగళూరు టెస్టింగ్ ల్యాబ్ వాళ్లే ట్రైనీ టెస్ట్ ఇంజినీర్‌గా తీసుకుంటామన్నారు, ఏడాదికి మూడు లక్షల ఇరవై వేలు. ఎయిర్ ప్యూరిఫైయర్లు, అలాంటి ఇంటి సామాన్లు టెస్ట్ చేసి రిపోర్ట్ ఇవ్వడం పనట. నాకిది ఇంజినీర్ చేసే పనిలా లేదు. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో ఏఐ, డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటే పది వేలు అడ్వాన్స్ కట్టి వచ్చాను. అమ్మాయి ఒప్పుకోవడం లేదు. ల్యాబ్‌లో పొగ, ఓజోన్ పీల్చాల్సి వస్తుందని విన్నాను, రేపు పెళ్లి కావాల్సిన పిల్ల. రెండు దారులూ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోలుస్తానండీ, కానీ ముందు మీ అసలు టెన్షన్ సంగతి చూద్దాం. ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ల్యాబ్‌కి బదులు ఒకరికి సోలార్ కంపెనీ ఉంటుంది, ఇంకొకరికి ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం ఉంటుంది, లోపలున్న భయం మాత్రం ఒకటే: అమ్మాయి ఏం చేస్తోందని పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేమే అని. సాఫ్ట్‌వేర్ అంటే రెండో ప్రశ్న ఉండదు. టెస్టింగ్ ల్యాబ్ అంటే వివరించాలి, వివరిస్తుంటే మనకే తక్కువైనట్టు అనిపిస్తుంది. మీ బాధ నాకు అర్థమైంది, దాన్ని తప్పనను. కానీ ఆ రెండు నిమిషాల ఇబ్బంది తప్పించుకోవడానికి పిల్ల దారి మార్చేయడం మాత్రం తప్పే.

ఇంకో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీరు రాసినదాంట్లో మీ అభిప్రాయం ఉంది, బావమరిది కొడుకు సలహా ఉంది, ఎవరో చెప్పిన పొగ సంగతి ఉంది. అమ్మాయి ఎందుకు ఒప్పుకోవడం లేదో ఒక్క వాక్యం లేదు. అడిగారా? ఆ పనిని దగ్గరుండి చూసినది మీ ఇంట్లో ఆ అమ్మాయి ఒక్కతే. ఇంటర్న్‌షిప్ చేయించుకున్నవాళ్లే పిలిచి ఉద్యోగం ఇస్తున్నారంటే పనిలో ఏదో చూసే ఇస్తున్నారు. తనతో కూర్చుని మాట్లాడకుండా హైదరాబాద్ వెళ్లి అడ్వాన్స్ కట్టి రావడం పెద్దరికం కాదండీ, తొందరపాటు.

ఇప్పుడు ఇది ఇంజినీర్ పనేనా అన్న సంగతి. ప్యూరిఫైయర్ డబ్బా మీద హెచ్13 ఫిల్టర్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం, పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు రేణువుల్లో కూడా 99.95 శాతాన్ని ఆపితేనే ఆ పేరు పెట్టాలి. బాగుంది, కానీ అది ఫిల్టర్ ఒక్కదాని గొప్ప. ఫ్యాన్ చిన్నదైతేనో, ఫిల్టర్ చుట్టూ సీల్ సరిగ్గా కూర్చోక గాలి పక్క సందుల్లోంచి దూరిపోతేనో ఆ అంకె వల్ల ఇంట్లో పిల్లలకు ఒరిగేదేమీ లేదు. మొత్తం మెషిన్ గంటకు ఎంత గాలిని శుభ్రం చేసి ఇస్తుందో కొలవాలి. దాన్నే సీఏడీఆర్ అంటారు. అమెరికా ప్రమాణంలో అయితే దాదాపు 28.5 ఘనపు మీటర్లు, చైనా ప్రమాణంలో అయితే 30 ఘనపు మీటర్ల గదిని గాలి చొరబడకుండా మూసి, లోపల పొగ నింపి, మెషిన్ ఆపేసి ఉంచినప్పుడు పొగ తనంతట తాను ఎంత వేగంగా తగ్గుతుందో ముందు చూస్తారు. తర్వాత మళ్లీ నింపి, మెషిన్ ఆన్ చేసి చూస్తారు. ఆపి ఉంచినప్పుడు తగ్గే రేటు గంటకు 0.2, ఆన్ చేసినప్పుడు 10 అనుకుందాం. తేడా 9.8, దాన్ని గది సైజు 30తో గుణిస్తే గంటకు 294 ఘనపు మీటర్లు. లెక్క ఇంత చిన్నదే. గదిలో సన్నటి లీకు ఉన్నా, రేణువుల్ని లెక్కపెట్టే పరికరం సరిగ్గా కొలుస్తోందో చూసే క్యాలిబ్రేషన్ గడువు దాటినా, తేమ పరిధి దాటినా ఆ 294కి విలువ ఉండదు. ఎందుకు ఉండదో చెప్పగలిగినవాళ్లే టెస్ట్ ఇంజినీర్లు.

ఇది పనితీరు వరకే. నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది సేఫ్టీ వైపు. ఈ మెషిన్ పడకగదిలో, పసిపిల్ల ఉయ్యాల పక్కన, రాత్రంతా ఎవరూ చూడకుండా తిరుగుతుంది. అందుకే వేలు ఆకారంలో ఉండే ప్రోబ్‌ను ప్రతి సందులో పెట్టి కరెంటున్న భాగం అందుతుందేమో చూస్తారు. ఫ్యాన్‌ను కదలకుండా బిగించి మోటార్ ఎంత వేడెక్కుతుందో చూస్తారు. హైపాట్ అనే ఎక్కువ వోల్టేజీ టెస్ట్ పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూస్తారు. లోపలి ప్లాస్టిక్ ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి 550 నుంచి 850 డిగ్రీల దాకా కాల్చిన తీగను ఆనించి మంట అంటుకుంటుందా, అంటుకున్నా చప్పున ఆరుతుందా అని చూస్తారు. గాలిలోకి అయాన్లు వదిలే అయొనైజర్ లాంటిది ఉన్న మోడల్ అయితే 24 గంటలు నడిపి, గాలి బయటికొచ్చే చోటికి 50 మిల్లీమీటర్ల దూరంలో ఓజోన్ కొలుస్తారు, 0.05 పీపీఎం దాటితే ఫెయిల్. కాలిఫోర్నియాలో 2010 నుంచి ఇదే పరిమితి చట్టంగా ఉంది, దాటిన మెషిన్‌ను అక్కడ అమ్మడానికి లేదు. దక్షిణ కొరియాలో 2016లో కొన్ని ప్యూరిఫైయర్ల ఫిల్టర్లకు బూజు పట్టకుండా పూసిన ఓఐటీ అనే రసాయనం వాడుతుండగా గాలిలోకి వస్తోందని తేలి, ఆ ఫిల్టర్లను వెనక్కి తెప్పించారు. గాలి బాగుపడుతుందని జనం డబ్బు పెట్టి కొన్న వస్తువే గాలిని పాడు చేసింది. అలాంటిది షాపుకి రాకముందే పట్టుకునే పనిని ఇంజినీర్ పని కాదని ఎలా అంటామండీ?

పొగ సంగతి. చాంబర్‌లో పొగ పెడతారు, నిజమే. కానీ టెస్ట్ నడిచేటప్పుడు లోపల మనుషులు ఉండరు, ఉంటే అసలు కొలత చెడిపోతుంది. పరికరాలు లోపల, రీడింగ్ చూసేవాళ్లు బయట. టెస్ట్ అయ్యాక ఆ గాలిని శుభ్రం చేసి గానీ తలుపు తీయరు. నిజంగా జాగ్రత్త కావాల్సింది హైపాట్ దగ్గర, అక్కడ వోల్టేజీ ప్రమాదకరం. ట్రైనింగ్ లేకుండా ట్రైనీ చేత ఒంటరిగా చేయించే ల్యాబ్ అయితే వద్దనే చెప్తాను. ఇంటర్న్‌షిప్‌లో ఎలా చేయించారో అమ్మాయినే అడగండి. పెళ్లి ప్రస్తావనకు, దీనికి సంబంధం లేదు.

ఇక డేటా సైన్స్. నాకు ఏఐ మీద వ్యతిరేకత ఏమీ లేదు, గణితం బలంగా ఉండి, మనసుపెట్టి నాలుగైదేళ్లు చదివినవాళ్లు అందులో చక్కగా స్థిరపడ్డారు. నా అనుమానమంతా ఆరు నెలల కోర్సుల మీద. అమీర్‌పేటలో బోర్డుల మీద పేర్లు మారుతూ వచ్చాయి: మెయిన్‌ఫ్రేమ్స్, టెస్టింగ్ టూల్స్, హడూప్, బ్లాక్‌చెయిన్, ఫుల్ స్టాక్, ఇప్పుడు జెన్ ఏఐ. ఏ బోర్డు ఎక్కితే దాని వెనకాలే మన ఊళ్ల నుంచి పిల్లలు బస్సు ఎక్కారు. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, అబద్ధం చెప్పను. కానీ ఆ బోర్డు మన ఊరి దాకా తెలిసేసరికి అక్కడ గుంపు పెరిగిపోయి ఉంటుంది. పైగా ఫ్రెషర్లు మొదట్లో చేసే చిన్న చిన్న పనులు, డేటా శుభ్రం చేయడం, మామూలు కోడ్ రాయడం, ఇవే ఇప్పుడు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి. కోర్సు పూర్తిచేసిన పిల్ల పోటీ పడాల్సింది పక్క బెంచీ పిల్లతో కాదు, ఆ టూల్‌తో. స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్సీ చేసినవాళ్లు, పెద్ద కాలేజీల వాళ్లు అదే గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

మీరు అడ్వాన్స్ కట్టినప్పుడు ఇచ్చిన కాగితం తీసి చదవండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఉందా, ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉందా? ప్రకటనలో మొదటిది, కాగితంలో రెండోది ఉండటం నేను చాలాసార్లు చూశాను. కొన్ని ఇన్‌స్టిట్యూట్‌లు ఇంటర్వ్యూ పిలుపులు రావాలంటే రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం ఉన్నట్టు రాయమని చెప్తాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ పిల్లతోనే ఉంటుంది. తన సంతకం కింద ఉన్న ప్రతి అంకె నిజమై ఉండాల్సిన పనిని ఇష్టపడిన పిల్లను, మొదటి కాగితంలోనే అబద్ధం రాయమనే చోటికి పంపుదామా? మీరు అడ్వాన్స్ కట్టిన ఇన్‌స్టిట్యూట్ అలాంటిదని నేననడం లేదు, కానీ చేరే ముందు అడగాల్సిన బాధ్యత మీది, మీరు అడగలేదు.

పోలిక అడిగారు కాబట్టి డబ్బు విషయం. పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చేది ఎన్నో ఏళ్లుగా మూడున్నర లక్షల చుట్టూనే ఉంది. అంటే మీరు తక్కువనుకుంటున్న మూడు లక్షల ఇరవై వేలకు, నలుగురిలో గొప్పగా చెప్పుకునే జీతానికి తేడా నెలకు రెండు మూడు వేలు. కోర్సు ఫీజు, హాస్టల్, ఆరు నెలలు జీతం లేకపోవడం కూడా కలిపితే లెక్క ఎటు మొగ్గుతుందో మీరే వేయండి. తర్వాతి ఏళ్లలో సాఫ్ట్‌వేర్‌లో బాగా రాణించినవాళ్ల జీతం ల్యాబ్ వాళ్ల కంటే వేగంగా పెరుగుతుంది, ఇది నిజం, దాచను. కానీ ల్యాబ్‌లో నేర్చుకున్నది చేతిలో ఉంటుంది.

ఎలాగంటే, ప్యూరిఫైయర్ అంటే ఢిల్లీలో దీపావళి తర్వాత నాలుగు నెలల గిరాకీ అని మీరనుకోవచ్చు. తను నేర్చుకునేది ప్యూరిఫైయర్ ఒక్కదాని గురించి కాదు. ఐఈసీ 60335 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఐఎస్ 302కి కూడా అదే ఆధారం. దాని మొదటి భాగం కరెంటుతో నడిచే ఇంటి సామాన్లన్నిటికీ వర్తిస్తుంది, ఆ పైన ఒక్కో వస్తువుకు ఒక్కో విభాగం. ఇస్త్రీ పెట్టెకు 2-3, మిక్సీకి 2-14, గీజర్‌కు 2-21, ఏసీకి 2-40, ప్యూరిఫైయర్‌కు 2-65. మొదటి భాగం చేతికి వచ్చినవాళ్లకు మిగతావి నేర్చుకోవడానికి వారాలు చాలు. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ లాంటి ఏసీ ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాళ్లకు ఈ ప్రమాణం తెలిసిన ఇంజినీర్లు కావాలి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ టెస్టింగ్ కేంద్రం ఈటీడీసీ ఉంది. బీఐఎస్ సైంటిస్ట్-బి పోస్టులు గేట్ స్కోరుతో తీస్తారు, ఈ పని తెలిసిన అభ్యర్థి ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తుంది. దేశాలు ఒకరి టెస్టులను ఒకరు ఒప్పుకునే సీబీ స్కీమ్ కింద ఇచ్చే టెస్ట్ రిపోర్ట్‌ను 50కి పైగా దేశాల్లో అంగీకరిస్తారు కాబట్టి విదేశాలకు వెళ్లాలన్నా ఈ అనుభవం పనికొస్తుంది.

ల్యాబ్ అంతా బాగుందని కూడా చెప్పను. కొన్ని చోట్ల ట్రైనీని ఒకే చాంబర్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చోబెడతారు, నేర్చుకునేది ఆరు నెలలకే ఆగిపోతుంది. షిప్‌మెంట్ ఆగిపోతోంది, ఎలాగోలా పాస్ చేయండి అని కస్టమర్ ఒత్తిడి ఉంటుంది, దాన్ని పైవాళ్లు అడ్డుకుంటారా, కింద ఉన్న ట్రైనీ మీదికి తోస్తారా అన్నది ల్యాబ్‌ను బట్టి ఉంటుంది. అందుకే చేరే ముందు కొన్ని విషయాలు తేల్చుకోండి. ఆ ల్యాబ్‌కు టెస్టింగ్ ల్యాబ్‌ల ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 కింద, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా, ఉంటే ఏ టెస్టులకు ఉందో స్కోప్ పత్రం ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, అందులో ప్యూరిఫైయర్ టెస్టులు ఉన్నాయో లేదో చూడండి. సేఫ్టీ, పనితీరు, ఈఎంసీ (ఒక పరికరం ఇంకో పరికరానికి విద్యుత్ అంతరాయం కలిగిస్తుందా అని చూసేది) విభాగాల్లో తిప్పుతారా అని హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగమనండి. బాండ్ ఉంటే ఎంతకాలం, ఎంత సొమ్ము అని రాతపూర్వకంగా తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచుతామంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అమ్మాయిని పంపండి, నిశ్చింతగా పంపండి. రెండేళ్లు చూసి నచ్చకపోతే తనకి ఇరవై నాలుగేళ్లు కూడా నిండవు, ఏ దారీ మూసుకుపోదు. ఇన్‌స్టిట్యూట్‌కు ఈ వారమే మెయిల్ పెట్టి అడ్వాన్స్ వెనక్కి అడగండి, రాకపోయినా పది వేలతో పోతుంది, ఆ పది వేల కోసం మిగతా ఫీజు కట్టకండి. పైథాన్ నేర్చుకోవడం మాత్రం మంచిదే, ల్యాబ్‌లో డేటా లాగింగ్‌కు, కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే అన్‌సర్టెనిటీ లెక్కలకు బాగా ఉపయోగపడుతుంది. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో పాఠాలు ఉచితం, సాయంత్రాలు చూసుకుంటే చాలు.

ఈ జవాబు అమ్మాయికి చూపిస్తారని నమ్మకంతో తనకో మాట. చేరేలోపు 60335 మొదటి భాగంలో 8, 13, 19, 29, 30 క్లాజులు చదువమ్మా, ఇంటర్న్‌షిప్‌లో నువ్వు చూసిన టెస్టులు చాలావరకు వాటిలోనే ఉంటాయి. 29, అంటే కరెంటు భాగాల మధ్య ఉపరితలం మీదుగా (క్రీపేజ్), గాలిలో (క్లియరెన్స్) ఎంత దూరం ఉండాలో చెప్పే క్లాజ్, చదివితే మొదటిసారి ఎవరికీ అర్థం కాదు, భయపడకు. చేరాక ఒక సీనియర్ పక్కన కూర్చుని, విప్పిన ప్యూరిఫైయర్ సర్క్యూట్ బోర్డు మీద ఆ దూరాలను వెర్నియర్‌తో నువ్వే కొలిచి టేబుల్‌తో సరిచూసుకో.