టెక్ సందేహాలు: ఉన్న కోడ్‌ని వెతికి పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: రూపాయల మొత్తానికి లక్షల పద్ధతిలో కామాలు పెట్టే ఫంక్షన్ ఒకటి రోజంతా కూర్చుని రాశాను. రివ్యూలో మా సీనియర్ చూసి, 'ఇలాంటివి మన ప్రాజెక్టులో ఇప్పటికే మూడున్నాయి' అన్నారు. రాసేముందు నేనూ వెతికాను, ఒక్కటీ కనిపించలేదు. ఎలా వెతకాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు ఫంక్షన్ పేరుతో వెతికి ఉంటారు. చిక్కు అక్కడే వస్తుంది. ఒకరు 'ఫార్మాట్ అమౌంట్' అంటారు, ఇంకొకరు 'యాడ్ కామాస్' అంటారు. పేరు రాసినవాళ్ల ఇష్టం. కానీ ఎవరు రాసినా ఆ కోడ్‌లో ఉండి తీరేవి కొన్ని ఉంటాయి, వాటితో వెతకండి. మీ విషయంలో ఒకటి ₹ గుర్తు, రెండోది టెస్ట్ ఫైళ్లలో (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే ఫైళ్లు) ఉండే 1,00,000 లాంటి అంకె. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో, ఫైళ్లలో మాటల్ని వెతికే గిట్ గ్రెప్ కమాండ్ ఉంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో దానికి ఈ రెండూ ఇచ్చి చూడండి. టెస్ట్ దొరికిందంటే సగం పని అయినట్టే. ఆ ఫంక్షన్‌ని ఎలా పిలవాలో, పైసలు వస్తే, మైనస్ అంకె వస్తే ఏం చేస్తుందో అందులోనే ఉంటుంది.

ఒకప్పుడు ఉండి తర్వాత తీసేసిన కోడ్ కూడా దొరుకుతుంది. పాత మార్పుల్ని చూపే గిట్ లాగ్ కమాండ్‌కు క్యాపిటల్ ఎస్ (-S) ఆప్షన్‌తో మీరు వెతికే మాట ఇస్తే, అది కోడ్‌లోకి వచ్చిన కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు), పోయిన కమిట్ రెండూ చూపిస్తుంది. తిరిగి తెచ్చుకునే ముందు దాన్ని ఎందుకు తీసేశారో ఆ కమిట్ మెసేజ్‌లో చదవండి. ఈ ఒక్క అలవాటు పాత బగ్ మళ్లీ రాకుండా చాలాసార్లు కాపాడుతుంది.

మీది జావాస్క్రిప్ట్ అయితే ఇంకో మాట. అందులో ఇంటల్ నంబర్‌ఫార్మాట్ (Intl.NumberFormat) అనే సదుపాయం ముందే ఉంది. భారతీయ ఇంగ్లిష్ లొకేల్ (ఏ దేశపు, ఏ భాష పద్ధతో చెప్పే en-IN అనే కోడ్) ఇస్తే 1234567ని 12,34,567గా అదే చూపిస్తుంది. మీ మూడు ఫంక్షన్లూ అక్కర్లేదు! అందుకే ముందు ప్రోగ్రామింగ్ భాషలోనే ఉందేమో చూడాలి, తర్వాత సొంత ప్రాజెక్టులో, ఆ తర్వాతే బయట. బయట వెతకాలంటే, చాలామంది తమ కోడ్‌ని ఉంచే గిట్‌హబ్ సైట్‌లో కోడ్ సెర్చ్ ఉంది. లాగిన్ అయి, భాష, ఫైల్ పాత్ చెప్పి వెతికితే అనవసరమైనవి చాలావరకు తగ్గుతాయి.

ప్రశ్న: గిట్‌హబ్‌లో దొరికిన కోడ్‌ని ఫైనలియర్ ప్రాజెక్టులో వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: ముందు లైసెన్స్ ఫైల్ (ఆ కోడ్‌ని ఎలా వాడుకోవచ్చో చెప్పే ఫైల్) చూడండి. అది లేకపోతే కోడ్ అందరికీ కనిపిస్తున్నా హక్కులన్నీ రాసినవారివే. వారికి మెసేజ్ పెట్టి అనుమతి అడగండి. ఎంఐటీ అనే లైసెన్స్ అయితే కాపీరైట్ నోటీసును, లైసెన్స్ పాఠాన్ని కోడ్‌తో పాటు ఉంచితే చాలు. జీపీఎల్ అనే లైసెన్స్ అయితే, దాన్ని కలిపి చేసిన సాఫ్ట్‌వేర్‌ని ఇతరులకు ఇచ్చేటప్పుడు మీ సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి.

ఎక్కడి నుంచి తెచ్చారో లింకు, తేదీ ఫైల్ పైన కామెంట్‌గా రాసిపెట్టండి. వైవాలో అడిగితే టెన్షన్ లేకుండా చూపించవచ్చు. అసలు కోడ్‌లో రేపు బగ్ సరిచేస్తే, మీ దగ్గర ఎక్కడ మార్చుకోవాలో కూడా తెలుస్తుంది.