రీసైకిల్డ్ స్విమ్‌సూట్ బట్ట: కుట్లు ఎందుకు తెగుతున్నాయి?

ప్రశ్న: మా అమ్మాయి ఈత క్లాసుకని, చేపల వలల నుంచి తీసిన రీసైకిల్డ్ నైలాన్ స్ట్రెచ్ బట్ట తెప్పించి స్విమ్‌సూట్ కుట్టాను. మిషన్ మీద కుట్లు తప్పాయి. తొడుక్కుంటుంటే తొడల దగ్గర పటపటా తెగిపోయాయి. పాత వలల సరుకు కాబట్టి బలం లేదంటారా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: బట్టను అనుమానించకండి. ఇటలీకి చెందిన ఆక్వాఫిల్ కంపెనీ 2011 నుంచి ‘ఎకోనిల్’ పేరుతో ఇలాంటి నైలాన్ తయారుచేస్తోంది. పాత వలలు, కార్పెట్లలోని నైలాన్-6ను కాప్రోలాక్టమ్ అనే మూల రసాయనం దాకా విడగొట్టి, శుద్ధి చేసి, మళ్లీ నైలాన్‌గా మార్చి పోగు తీస్తారు. ఆ పోగు కొత్త నైలాన్‌కు ఏమాత్రం తీసిపోదు.

కుట్టు తప్పడానికి కారణం సూది. మామూలు సూది పైకి లేచేటప్పుడు సాగే బట్ట దాన్ని అంటుకుని లేస్తుంది. దాంతో దారం ఉచ్చు సరిగా పడదు, కింది హుక్కుకు అందదు. ‘స్ట్రెచ్’ అని రాసి ఉన్న 75/11 సూది కొత్తది వేయండి. దారం పాలిస్టర్‌దే వాడాలి. నూలు దారం సాగదు, క్లోరిన్ నీళ్లకు త్వరగా పాడవుతుంది.

ఇక తెగడం. నేరు కుట్టుకు సాగే గుణం లేదు. జిగ్‌జాగ్‌లో పొడవు 2.5, వెడల్పు 1 మిల్లీమీటరు పెట్టి, ముందు ముక్క గుడ్డ మీద కుట్టి గట్టిగా లాగి చూడండి. తెగితే పైదారం బిగువు కాస్త వదులు చేసి, వెడల్పు పెంచండి. మీది నేరు కుట్టు మాత్రమే వచ్చే మిషనైతే, జాయింట్లు నాలుగు దారాల ఓవర్‌లాక్ (అంచు కత్తిరిస్తూ కుట్టే మిషన్) ఉన్న దుకాణంలో వేయించడమే మేలు.

కత్తిరించేటప్పుడు బట్ట ఎక్కువగా సాగే వైపు నడుము చుట్టూ రావాలి. తొడ చుట్టు 50 సెంటీమీటర్లుంటే ఎలాస్టిక్ 45 నుంచి 46 చాలు. ఆ లాగుడంతా వెనక భాగంలోనే పెట్టండి. ముందువైపు లాగితే గజ్జల్లో ఒరుసుకుంటుంది. మొదట ఎలాస్టిక్‌ను బట్ట లోపలి వైపు జిగ్‌జాగ్‌తో అతికి, మడిచి, పైనుంచి మళ్లీ జిగ్‌జాగ్ వేయాలి. లంగాలకు వాడే ఎలాస్టిక్ వద్దు. క్లోరిన్‌ను తట్టుకునే స్విమ్‌వేర్ ఎలాస్టిక్కే అడిగి తీసుకోండి.

ప్రశ్న: లేబుల్ మీద ‘78 శాతం రీసైకిల్డ్ నైలాన్, 22 శాతం ఎలాస్టేన్’ అని ఉంది. రోజూ పూల్‌కు వెళ్లేవాళ్లకు ఇది ఎన్నాళ్లు ఆగుతుంది?
– ఒక టైలర్, వరంగల్

జవాబు: అది తేల్చేది ఆ 22 శాతం ఎలాస్టేనే, అంటే బట్టకు సాగే గుణమిచ్చే పోగే. రీసైకిల్ అయింది నైలాన్ మాత్రమే. క్లోరిన్ ముందుగా తినేది ఎలాస్టేన్‌ను. పిర్రల దగ్గర బట్ట వదులై, పలచబడి, వెలుతురుకు పట్టుకుంటే అవతలివైపు కనిపిస్తుందంటే లోపలి సాగుపోగులు తెగుతున్నాయన్నమాట. కొనేముందు క్లోరిన్‌ను తట్టుకునే ఎలాస్టేనేనా అని అడగండి. రోజువారీ ప్రాక్టీసుకైతే పాలిస్టర్, పీబీటీ (కాస్త సాగే ఒక రకం పాలిస్టర్) కలిపిన బట్టే మా సలహా. సాగడం తక్కువ, కానీ క్లోరిన్‌ను బాగా ఓర్చుకుంటుంది.

పూల్‌లో దిగేముందే సూట్‌ను మంచినీళ్లతో తడపమనండి. తడిసిన బట్ట క్లోరిన్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే చల్లటి నీళ్లలో జాడించి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, నీడన ఆరేయాలి. వేడినీళ్లు, ఫాబ్రిక్ కండిషనర్ తగలనివ్వకూడదు. తడి సూట్‌ను ప్లాస్టిక్ కవర్లో కట్టి సాయంత్రం దాకా ఉంచేస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ వృథా.

ప్రశ్న: పాడైన సూట్ మళ్లీ రీసైకిల్ అవుతుందా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కష్టమే. నైలాన్, ఎలాస్టేన్ పోగులు కలిసి అల్లుకుపోతాయి కాబట్టి వాటిని విడదీయడం సులువు కాదు. పాడవని భాగాలను గాగుల్స్ సంచికో, జుట్టు రబ్బర్లకో కత్తిరించుకోవచ్చు.