మామిడిచెట్టును మొదటి పేజీకి తీసుకురా

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

‘చనిపోయినవాళ్లకు ఇచ్చిన మాట’ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిలాసఫీ వారి ‘ఫిలాసఫీ’ జర్నల్‌కు పంపాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ ఇలాగే మాత్రం పంపకు.

తత్వశాస్త్రం యూనివర్సిటీ గోడలు దాటాలని 1925లో ఆ సంస్థను పెట్టారు. పెట్టినవాళ్లలో బెర్ట్రండ్ రసెల్ ఒకడు. మరుసటి ఏడాదే జర్నల్ మొదలైంది. సామాన్య పాఠకుడి కోసం అంటే పలచన చేసి రాయమని కాదమ్మా. పరిభాష చాటున దాక్కునే వీలుండదు, అందుకే ఇంకా గట్టిగా రాయాలి. తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ రాసిన ‘మోడరన్ మోరల్ ఫిలాసఫీ’ 1958లో అందులోనే అచ్చయింది. తేలికైన వ్యాసం కాదు. అయినా తాను చెప్పదలచిన మూడు సంగతులేమిటో ఆవిడ మొదట్లోనే తేల్చి చెప్పేస్తుంది.

నీ డ్రాఫ్టులో మొదటి మూడు పేజీలూ పెద్ద పెద్ద తత్వవేత్తల పేర్లే. నాలుగో పేజీ అడుగున, అదీ ఫుట్‌నోట్‌లో, పెరట్లో మామిడిచెట్టు కొట్టనివ్వనని నాయనమ్మకు నువ్విచ్చిన మాట! అక్కడ నాకు చదువు ముందుకు సాగలేదు. మా అమ్మ నాటిన చెట్టు కదా. ఇప్పుడది చీడపట్టి పక్కింటి గోడ మీదికి ఒరిగింది, ఆ గోడవతల పిల్లలు ఆడుకుంటారు. మరి మాట నిలబెట్టుకోవాలా? నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ.

ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్‌ని ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు. మృత్యువు ఉన్నప్పుడు మనం ఉండం అన్నాడాయన. లేని మనిషికి నష్టమేమిటి? రెండు పేజీలు పట్టినా సరే, ఆయనే వచ్చి చదివితే ‘అవును, నా వాదన ఇదే’ అనేలా రాయి. జవాబు ఆ తర్వాత. అసలు నష్టం గురించే ఎందుకు అడగాలి, ఇచ్చిన మాట వల్ల నీకొచ్చిన బాధ్యత ఎక్కడికి పోతుంది అని కూడా ఆలోచించు.

నా తొలి వ్యాసం ఒక పత్రిక నుంచి తిరిగొచ్చినప్పుడు మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘ఎవరికి?’ అని పదకొండు చోట్ల రాసి ఉంది. ‘స్పష్టమే కదా’ అని నేను రాసిన ప్రతిచోటా అదే ప్రశ్న. వారం రోజులు బాధపడ్డాను. ఈనాటికీ ‘స్పష్టమే కదా’ అని రాయను. నీ డ్రాఫ్టులో ఆరుసార్లు ఉంది, తీసెయ్యి.

పంపేముందు పత్రిక నియమాలు చదువు. రివ్యూకి వెళ్లే ప్రతిలో నీ పేరు, కాలేజీ పేరు లేకుండా చూసుకో.

ఉగాదికి వస్తున్నావుగా, కొత్త డ్రాఫ్టు ప్రింటు తీసుకురా. వాక్యం వాక్యం తెలుగులో చెబుతూ పెద్దమ్మకు వినిపించు. తను ‘ఆగు, మళ్లీ చెప్పు’ అన్నచోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెడతాను.

మీ పెదనాన్న